చీమలు కుట్టే చెయ్యి

నాన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. గమ్హరియా ఫ్యాక్టరీలో ఇనప రేకులు నొక్కే ప్రెస్ మెషిన్ తెంపేసిన నీ కుడిచెయ్యిని సువర్ణరేఖ ఒడ్డున పూడ్చాం కదా. లేని ఆ చేతికి చీమలు కుడుతున్నాయని నువ్వు అల్లాడినప్పుడల్లా అమ్మ వెళ్లి ఆ మట్టి మీద పసుపు చల్లేది. నువ్వు పోయాక కూడా మానలేదు.

నిన్న నర్సింగ్ క్లాసులో ఆ సంగతే చెప్పారు. స్పర్శనీ వేడినీ పసిగట్టేవి చర్మంలోని నరాల కొసలట. అవి పోయినా, తెగిన నరం మెదడుకి కబురు పంపుతూనే ఉంటుందట. ఈ ఉదయం పసుపు పొట్లం కడుతున్న అమ్మకి అదే వివరించాను.

"అవి చీమలు కావమ్మా, నరం. ఇప్పుడు నాన్నకి ఏ బాధా లేదు. ఇంక వెళ్లకు."

"ఆయనకి లేదు, సరే. మరి నాకెందుకే కుడతన్నాయి? సదువుకున్నదానివి, నువ్వే సెప్పు."

అమ్మ కుడి అరచెయ్యి చాపింది. నిండా ఎర్రగా గోకిన గీతలు.

పొట్లం నేనే పట్టుకుని ఆమెతో నది ఒడ్డుకి నడిచాను.