పెళ్ళికొడుకు పీట మీద, నా పెట్టె మూత వేసి

అప్పకు, తమ్ముడు సూరయ్య దణ్ణాలు. నువ్వూ బావా కులాసాగా ఉన్నారని తలుస్తున్నాను. బావ మోకాలు నొప్పి తగ్గిందా? నేను బాగానే ఉన్నాను, దిగులు పడకు. రాయపూర్‌లో ఎండ మాడ్చేస్తోంది. హిందీ ఇంకా నోరు తిరగలేదు, రోజంతా మాట్లాడే మనిషి లేడు. నా రాత వంకర, మనవరాలి చేత చదివించుకో.

ఒక సంగతి నీ దగ్గర దాచాను. గౌరికి ముక్కు వాసన పట్టడం లేదు. అల్లుడు పోయాక దానికి తోడుంటానని వచ్చానా, నా కూతురు ఇలా అయింది. అది పనిచేసే శంకర్ నగర్ సెలూన్‌లో జుట్టు సాపు చేసే మందు పూసి వేడి మెషీన్‌తో నొక్కుతారు. పొగ లేచి కళ్ళు మండుతాయి, ఆ పొగకే దాని ముక్కు పోయింది. ఏసీ చల్లదనం పోతుందని ఓనరు కిటికీకి అద్దం బిగించేశాడు. మొన్న ఇంట్లో గ్యాసు కారుతుంటే ఇది పొయ్యి దగ్గరే నిలబడి అగ్గిపుల్ల తీసింది. నేను చెయ్యి పట్టుకున్నాను కాబట్టి బతికాం. వాసన తిరిగొస్తుందో రాదో డాక్టరు చెప్పలేనన్నాడు.

దాని ముక్కు సంగతి చెప్పి, అద్దం తీయించమని అడిగితే ఓనరు నవ్వాడు. వాడూ మన శ్రీకాకుళం వాడే, రైల్వే పనికి ఇటొచ్చిన వాళ్ళ పిల్లాడు.

"జలుబయ్యుంటాది తాతా. అల్లం దంచి అద్రక్ చాయ్ తాగించు" అన్నాడు.

ఆ నవ్వు నేను మరవలేదు. వాడి పెద్దకొడుకు పెళ్ళి వచ్చింది. పెళ్ళికొడుకును చెయ్యాలంటే మంగలి గోళ్ళు తియ్యాలి కదా. ఇక్కడి మనవాళ్ళలో ఆ పని చేసేది నేనొక్కణ్ణే. పిలిస్తే వెళ్ళాను. పిల్లాణ్ణి పీట మీద కూర్చోబెట్టి నూనె, నలుగు పెట్టారు. చుట్టాలంతా చేరారు. నేను నా పనిముట్ల పెట్టె తెరవలేదు.

"ముందు నీ సెలూన్లో కిటికీ అద్దం తీయించు బాబూ, ఆ తరవాతే గోళ్ళు" అన్నాను.

ఓనరు అరిచాడు, తరవాత బతిమాలాడు. వీధి చివరి మంగలిని తెస్తానన్నాడు. హిందీ వాళ్ళకి మన పద్ధతి తెలీదని వాడి తల్లి ఒప్పుకోలేదు. ఆవిడ నన్నే అడిగి సంగతంతా విన్నది.

"ఒరే, ఆ పిల్ల ముక్కు పోతే నువ్వు నవ్వినావా? ఆ అద్దం తీసినదాకా నీ కొడుకు పీట మీదే ఉంటాడు" అంది.

చుట్టాలందరి ముందూ వాడు ఫోన్లో అద్దాలు తీసే మిస్త్రీని బతిమాలుకున్నాడు. పెళ్ళికొడుకు ఎండిన నలుగు గోక్కుంటూ కూర్చున్నాడు. చూడ్డానికి బాగుంది అప్పా, చాలా బాగుంది. అద్దం ఊడదీసిన ఫోటో చూశాకే పెట్టె తెరిచాను.

ఆ సెలూన్లో పనిచేసే మిగతా పిల్లలకి ఇప్పుడు గాలి తగులుతోంది. గౌరిని మాత్రం మళ్ళీ పంపను. దానికి అన్నం మాడినా తెలియడం లేదు. నా కోపమూ తీరలేదు.

వాడికి ఇంకో కొడుకున్నాడు. నాన్న పెళ్ళికొడుకుల గోళ్ళు తీసిన గోరుగల్లు మీ ఇంట్లోనే ఉంది కదా, ఇటు వచ్చేవాళ్ళ చేత పంపు. ఆ పెళ్ళికి దాంతోనే వెళ్తాను, అప్పుడూ పెట్టె ఊరికే తెరవను. బావకు నా దణ్ణాలు, పిల్లలకు దీవెనలు. ఆ పీట ముందు కూర్చునేదాకా నేను బతకాలని నన్ను దీవించు.

నీ తమ్ముడు
సూరయ్య