పెన్సిలిన్ సీసాలో పేరు

డోంగ్ హా,
1996 మార్చి 9

ప్రియమైన అమ్మకు,

నీ మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి? ఇక్కడ వేడిగాలులు ఇంకా మొదలవలేదు గానీ టూరిస్టులు మొదలయ్యారు. రోజుకో బస్సు అమెరికన్లని ఎక్కించుకుని పాత యుద్ధభూములు చూపిస్తున్నాను. సొరంగాల్లోకి దూరి నడుం పట్టేసిందని నవ్వుకుంటారు. గేదె కనిపిస్తే బస్సు ఆపమంటారు. చివర్లో ఎవరో ఒకరు "మా మీద మీకు కోపం లేదా?" అని అడుగుతారు. లేదని నవ్వుతాను. ఆ నవ్వు మా ఆఫీసులోనే నేర్పారు.

మొన్న రస్సెల్ అని ఒక ముసలి అమెరికన్ వచ్చాడు. ఖే సాన్ దాటాక ఒక వాగు దగ్గర బస్సు ఆపించి, గుడ్డలో చుట్టిన నోటుబుక్కు తీశాడు. "ఇరవై ఎనిమిదేళ్ళ కిందట ఇక్కడ చనిపోయిన కుర్రాడి జేబులోంచి తీసుకున్నాను. వాళ్ళిల్లు ఎక్కడో చదివి చెప్పగలవా అమ్మాయీ?" అన్నాడు.

మొదటి పేజీలోనే కాన్ అన్నయ్య పేరు. కింద నీ పేరు, నాన్న పేరు, మన ఊరు.

"ఏం రాసుంది?" అని ఆయన మళ్ళీ మళ్ళీ అడిగాడు. మా అన్నయ్యేనని చెబితే ఆ ముసలాయన రోడ్డు మీదే కూలబడి ఏడ్చాడు.

అమ్మా, నాలుగేళ్ళ కిందట నేను అన్నయ్య ఎముకలంటూ తెచ్చింది అక్కణ్ణించి కాదు. నలభై కిలోమీటర్ల అవతల నుంచి. అన్నయ్య దళంలో పనిచేసిన ఒకాయన గీసిచ్చిన పటం తప్పు. తవ్వితే ఎవరివో ఎముకలు దొరికాయి. అప్పటికి నాన్న రేపో మాపో అన్నట్టున్నాడు. ఎముకలతో వచ్చిన పెన్సిలిన్ సీసాలో, అవి ఎవరివో చెప్పే కాగితం మీద అన్నయ్య పేరు రాసింది నేనే. ఇంకేం రాయలేను.

నీ పాపిష్టి కూతురు,
మియెన్

థాయ్ బిన్,
మార్చి 20

నా చిట్టి మియెన్‌కు,

ఉత్తరం మూడుసార్లు చదివాను. నోటుబుక్కు పోస్టులో పంపకు, నువ్వే తీసుకురా.

ఆ ఎముకలు మన కాన్‌వి కావని నాకు ఆ రోజే తెలుసు. ఆనవాయితీ ప్రకారం అల్లం వేసిన సారాతో కడిగేటప్పుడు కాలి ఎముక నా కాలి పక్కన పెట్టి చూసుకున్నాను. మనవాడు నా చెవి దాకా కూడా లేడు. ఈ పిల్లాడు మంచి పొడగరి. మరి ఊరి కమిటీ ఆయన సీసా తెరిచి కాగితం చదవగానే మీ నాన్న ఎముకలు పెట్టిన ఆ మట్టిపెట్టెను కావలించుకుని ఎన్నో ఏళ్ళకి కంటినిండా నిద్రపోయాడు కదా. ఏం చెప్పమంటావు? నిన్నెవరో మోసం చేశారనుకున్నాను. తెలిస్తే కుమిలిపోతావని నోరు మూసుకున్నాను.

కాగితం నువ్వే రాశావని ఇప్పుడు తెలిసింది. కోపం వచ్చింది. దాచను, చాలా వచ్చింది.

తద్దినం నాడు రెండు గిన్నెల అన్నం పెడుతున్నాను, ఒకటి కాన్‌కి, ఒకటి ఈ పిల్లాడికి. పేరు తెలియదు గనక "బాబూ" అని పిలుస్తాను. పేరు లేకుండా పిలిస్తే వస్తాడో రాడో. వాడి దగ్గర బెల్టో, దువ్వెనో, ఏదైనా గుర్తు కనబడిందా? బాగా ఆలోచించి రాయి. వాడికీ ఒక తల్లి ఉంటుంది.

ఆశీస్సులతో,
అమ్మ

డోంగ్ హా,
ఏప్రిల్ 2

అమ్మా,

ఆలోచించాల్సిన పనేం లేదు. పేరు తెలుసు.

యుద్ధంలో చనిపోయినవాడి పేరూ ఊరూ రాసి సీసాలో పెట్టి పక్కన పూడ్చేవాళ్ళు కదా. ఆ సీసా నేను తెచ్చింది కాదు, అతనిదే. అందులో కాగితం చెక్కుచెదరలేదు. అది తీసేసి నేను రాసింది పెట్టాను. అతని కాగితం చింపెయ్యడానికి మాత్రం చేతులు రాలేదు. బూయ్ లువాంగ్, ఇరవై ఏళ్ళు, నిన్ బిన్ వైపు న్యో క్వాన్ దగ్గర ఊరు. ఆ కాగితం ఈ ఉత్తరంలో పెట్టాను. మన ఊరి నుంచి ఒక్కరోజు ప్రయాణం.

వాళ్ళవాళ్ళు ఉన్నారో పోయారో నాకు తెలియదు. నన్ను తిట్టు అమ్మా, కానీ రాయడం మానకు.

మియెన్

థాయ్ బిన్,
ఏప్రిల్ 19

మియెన్‌కు,

వెళ్ళొచ్చాను. రెండు బస్సులు, ఒక పడవ.

లువాంగ్ తల్లి ఉంది. పేరు దాన్. నా కంటే రెండేళ్ళు చిన్నది, చూపు సరిగా ఆనదు. "ఎండలో నిలబడ్డావేం అక్కా, లోపలికి రా" అని టీ పోసింది. మీ అబ్బాయి మా ఊళ్ళో ఉన్నాడని చెప్పాను. ఆమె నా చేతులు పట్టుకుని "తడవకుండా ఉన్నాడా?" అని అడిగింది. రోజూ అగరొత్తి వెలిగిస్తున్నానని చెప్పాను. ఎలా వచ్చాడంటే, మా అమ్మాయి పొరపాటున తెచ్చిందన్నాను. మా అమ్మాయి డోంగ్ హాలో ఉంటుందన్నాను.

"డోంగ్ హాలోనా? అక్కడ నాకూ ఒక కూతురుంది, తెలుసా!" అంది. "వాణ్ణి వెతుక్కుంటూ మాజీ సైనికుల బస్సులో మూడేళ్ళుగా వెళ్తున్నా. గైడు పిల్ల, మియెన్ అని. నా చెయ్యి పట్టుకుని పేరులేని సమాధుల దగ్గరికి ఒక్కొక్కదాని దగ్గరికీ తీసుకెళ్తుంది. మొదటిసారి వాడి పేరు చెప్పగానే నాకంటే ముందు తనే ఏడ్చింది. బంగారు తల్లి."

మూడేళ్ళు, మియెన్! నీ పెట్టెలో ఆ కాగితం, నీ చేతిలో ఆమె చెయ్యి. ఆ అమెరికావాడు సముద్రాలు దాటొచ్చి మనది మనకిచ్చాడు. నువ్వు పక్కనే ఉండి కూడా ఇవ్వలేదు.

నా కూతురు నువ్వేనని ఆమెకు చెప్పలేదు. పొరపాటు కాదనీ చెప్పలేదు. చలికాలంలో సమాధి తవ్వి పెట్టె తీసి లువాంగ్‌ని ఆమె ఇంటికి చేరుస్తాను. ఆ రోజు నువ్వు రావాలి. నీ నోటితో నువ్వే చెప్పాలి.

ఆమెకు నువ్వంటే ప్రాణం. ఈసారి అక్కడికి వచ్చినప్పుడు నీకిద్దామని తన చేత్తో అల్లిన స్వెట్టరు చూపించి, ఆ వయసు పిల్లకి కొలత సరిపోతుందా అని నన్నే అడిగింది. సరిపోతుందన్నాను.

అమ్మ