గట్టు మీద నడిచే కారుకి పికప్ ఎందుకు

ఏమండీ,

అత్తయ్యగారిని కంటి పరీక్షకి కాకినాడ తీసుకెళ్తున్నాను, బస్సులోనే. అన్నం కుక్కర్లో ఉంది. చింతచిగురు పప్పు కాస్త వేడి చేసుకోండి.

ఇంజినుకి చిప్ పెట్టించి సైలెన్సర్ మార్పిస్తే "పికప్ అదిరిపోతుందే" అని వారం నుంచి ఒకటే పాట. రెండు లక్షల అరవై వేల కిలోమీటర్లు తిరిగిన కారు అది. రొయ్యల మేత బస్తాలు మోసి మోసి సీట్లన్నీ కంపు. రోజూ నడిచేది మన చెరువు గట్టు మీద. అక్కడ ఇరవై దాటితే నేరుగా నీళ్లలోకే. ఎవరి మీద గెలవాలండీ, కొంగల మీదా?

మొన్న గట్టు మలుపులో బ్రేకు పడక హ్యాండ్‌బ్రేకు లాగారు. "ఏం కాలేదులేవే" అన్నారు. ఆ తర్వాత ఇంటిదాకా ఫస్ట్ గేరు దాటలేదు మీరు.

కారు కోసం వెతక్కండి. మెకానిక్ సుకుమార్‌ని పిలిచి పొద్దున్నే ఇచ్చేశాను, ముందు బ్రేకులు చూడమన్నాను.

దుర్గ

ఇంకొకటి. "సారు చిప్ అన్నారు కదండి మేడమ్" అని సుకుమార్ నసిగాడు. "మీ సారుకి ఈత రాదు బాబూ" అన్నాను. వెంటనే తాళాలు తీసుకున్నాడు.