చేతి అద్దం

మార్చి 4
మా అమ్మాయి ముక్కు ఆపరేషన్ చేయించుకుంటుందట. రోగం లేదు, దెబ్బ లేదు. అందానికట. ముప్పై ఏళ్లొచ్చాయి, ఉద్యోగం ఉంది, నిన్ను అడగాల్సిన పని లేదంది. ఆ ముక్కు నాది. మా నాన్నది. నలభై ఐదేళ్లుగా కటింగ్ షాపులో మనుషుల మొహాలు చేత్తో పట్టుకుని చూసినవాణ్ణి, ఏది బాగుందో నాకు తెలియదా? నా ముక్కు కోసినట్టుందన్నాను. నీది నీ దగ్గరే ఉంది కదా నాన్నా అంది.

మార్చి 9
మాట్లాడటం లేదు. నేనూ తగ్గలేదు. ఈ రెండు ముక్కలు రాయడానికి అరగంట పట్టింది.

మార్చి 17, సాయంత్రం
ఆపరేషన్ అయింది. మొహాన కట్టు, కళ్ల కింద నలుపు. ముక్కూ కోపమూ రెండూ నీవే వచ్చాయి దానికి, ఒకటి తీయించుకుంది, రెండోది అలాగే ఉందని మా ఆవిడ నన్ను దెప్పింది. నవ్వితే కుట్లు లాగుతాయట. అయినా చిలక నవ్వింది.
చిలక అంటే మా అమ్మాయే. చిన్నప్పట్నుంచీ నేను అలాగే పిలుస్తాను.

మార్చి 26
కట్టు విప్పారు. సన్నటి ముక్కు. ఎవరిదో. మనసు చంపుకుని, బాగుందే చిలకా అన్నాను. లేచి వెళ్లి తలుపేసుకుంది.

మే 2
ఇప్పుడు గడ్డం బాగాలేదట. ముక్కు తగ్గేసరికి అది బయటికొచ్చిందట. మళ్లీ డాక్టరు దగ్గర తేదీ తీసుకుంది. ఆఫీసుకి మాస్కుతో వెళ్తోంది. ఇంట్లో గోడవైపు తిరిగి తింటోంది.

మే 3
నిన్ను ఎవడేమన్నాడో చెప్పు, వాడి సంగతి చూస్తానన్నాను. కంచం పక్కకు జరిపింది. తర్వాత చెప్పింది.
తనకు పదేళ్లట. స్కూలు నుంచి షాపుకొచ్చింది. కుర్చీ ఎక్కించి, ముందున్న పెద్దద్దంలో కనబడేలా పక్కన చేతి అద్దం పట్టి, పక్కనుంచి మొహం చూపించానట. చూడండయ్యా, అచ్చం నా ముక్కే, చిలక ముక్కు అన్నానట. షాపంతా నవ్విందట. పక్కనుంచి తను ఎలా ఉంటుందో అప్పటిదాకా తనకు తెలియదట.
నాకు గుర్తుంది. కటింగ్ అయ్యాక అందరికీ తల వెనక చూపించినట్టే గర్వంగా చూపించాను. అందరికన్నా గట్టిగా నేనే నవ్వాను.
ఆ పేరు పెట్టి పిలిచినప్పుడల్లా ముక్కు తడుముకునేదాన్ని అంది. అదీ చూశాను. ముద్దొచ్చేది.

మే 4
అసలు పేరుతో పిలిచాను. నోరు తిరగలేదు. బాగున్నావమ్మా, ఇక చాలన్నాను. చిలక ముక్కన్నప్పుడూ బాగున్నాననే అన్నావు కదా నాన్నా అంది.

మే 19
ఇవాళ గడ్డం ఆపరేషన్. నన్ను రావద్దంది. షాపు తెరిచాను. చేతి అద్దం సొరుగులో పెట్టి తాళం వేశాను.
కటింగ్ అయ్యాక ఒకాయన వెనక ఎలా ఉందని అడిగాడు. బాగుందన్నాను.
నమ్మి వెళ్లిపోయాడు.