గుమ్మడి పాదు మీద నల్లపురుగులు

నాగాయలంక

అత్తయ్యగారికి తనూజ నమస్కారాలు. ఇక్కడ అందరం కులాసాగానే ఉన్నాం. ఫోనులో చెప్పబోతే నోరు రాలేదు, అందుకే ఈ కార్డు. వదినగారి చేత చదివించుకోండి.

మీ గుమ్మడి పాదుకి ఆకుల రసం పీల్చే పేనుబంక పట్టింది. దాని మధ్య ముళ్లముళ్లగా నల్లపురుగులు తిరుగుతుంటే, ఆకులు తినేది అవేననుకుని చేనుకి కొట్టగా మిగిలిన పురుగుమందు కొట్టేశాను. పక్కింటి జమీలాగారు చూసి, "అయ్యో, అవి ఎర్రరెక్కల మీద నల్లచుక్కలుండే అక్షింతల పురుగుకి పిల్లలు కదమ్మా! పేనుబంకని తినేది అవే. మీ అత్తగారు వాటిని ముట్టుకోనిచ్చేవారు కాదు" అన్నారు. మర్నాడు పూలల్లో తేనెటీగలు కూడా చచ్చి పడున్నాయి. పేనుబంక మాత్రం మళ్లీ వచ్చింది. రోజూ పొద్దున్నే మగపువ్వు తుంచి ఆడపువ్వుకి నేనే అద్దుతున్నాను. అయినా పిందెలు పసుపెక్కి రాలుతున్నాయి.

కిందటేడు విత్తనాలు ఏ డబ్బాలో దాచారు? ఇంగువ కూడా కనపడలేదు. కంటి ఆపరేషనుకి ఇచ్చిన మాత్రలు మానకండి. వదినగారికి, అన్నయ్యగారికి నమస్కారాలు.

వచ్చే వారం కంటి కట్టు విప్పగానే గుడివాడలో బస్సెక్కేయకండి అత్తయ్యా. ఇంకో పది రోజులు అక్కడే ఉండండి. చూపొచ్చాక మీరు మొదట చూసేది ఈ పెరడు కాకూడదు.

తనూజ