మట్టిరంగు గూబ

విజయనగరం

చరితమ్మకు మావయ్య ఆశీస్సులు.

మోకాలి ఆపరేషన్ బాగా జరిగింది. మా చెల్లెలు మంచం దిగనివ్వడం లేదు. ఫోనులో నువ్వు నన్ను మాట్లాడనివ్వవు, అందుకే ఈ ఉత్తరం. మన బియ్యం గోడౌన్లో గూబలు పిల్లలు పెట్టాయట! గూబ చేరిన కొంప బాగుపడుతుందా? మన హమాలీ ఆమోసుతో చెప్పి ఆ గోడ కన్నం మూయించెయ్. కొట్టు నీకు అప్పగించాను గానీ గూబలకి కాదు.

మల్లికార్జునరావు

ఖరిదా, ఖరగ్‌పూర్

ప్రియమైన మావయ్యగారికి నమస్కారాలు.

మూయించను. కోప్పడితే కోప్పడండి. లోపల కళ్లు తెరవని పిల్లలున్నాయి. పక్కింటి బెంగాలీ దీదీలు లక్ష్మీదేవి వాహనమని దండాలు పెడుతున్నారు. నేను దండం పెట్టను గానీ, చదివిన జువాలజీ ఊరికే పోదు కదా! మగది తెల్లగా ఉంటుంది. వెన్నెల్లో దాని రెక్కలు మెరిస్తే ఎలుక కొయ్యబారిపోతుంది, పారిపోవడం మరిచిపోతుంది. ఆడది మట్టిరంగు. వెన్నెల రోజుల్లో దానికంత వేట దొరకదు, అందుకే పిల్లల దగ్గరుంటుంది. మన బియ్యాన్ని కాపాడుతున్నది ఆ తెల్లదే. రాసిపెట్టుకోండి!

మీ మొండి కోడలు

విజయనగరం

చరితమ్మా,

సరే, నువ్వే గెలిచావు. లక్ష్మి వాహనాన్ని తరిమిన పాపం నాకెందుకు? తెల్లదాన్ని ఉండనీ. కూర్చుని తినే ఆ మట్టిరంగుదాన్ని మాత్రం వెళ్లగొట్టించు. అపశకునం సగమైనా తగ్గుతుంది.

మావయ్య

ఖరిదా

మావయ్యగారికి,

తల్లిని తరిమితే పిల్లలేమవుతాయి? ఆ మాట రాద్దామనుకుంటుండగానే తెల్లది మన గోడౌన్ వెనక పట్టాల మీద రైలు తగిలి చచ్చిపోయింది. ఏడ్చాను మావయ్యా. పైగా నిండు వెన్నెల రోజులు. మట్టిరంగుది పట్టాల పక్క గడ్డిలో వేటకెళ్లి ఖాళీగా తిరిగొచ్చేది. దాన్ని చూస్తే ఎలుకలు పరుగో పరుగు. పిల్లలు నీరసించాయి. ఇంక అంతే అనుకున్నాను.

ఆ తల్లి బయటికెళ్లడం మానేసింది. గోడౌన్లో బస్తాల మధ్య చీకట్లోకి దిగింది. అక్కడ ఏ రంగైతేనేం, ఎలుకకి కనపడదు. పిల్లలు మళ్లీ తిండికి గోల పెడుతున్నాయి. "ఏటమ్మా, కొత్త బస్తా ఒక్కటీ కొరకనేదు! ఆ తెల్లోడు ఇన్నాళ్లూ రైలోళ్ల ఎలకల్నే తిన్నాడు, మనవి ముట్టుకోనేదు" అన్నాడు ఆమోసు. బియ్యాన్ని కాపాడేది తెల్లదేనని నేను రాసింది తప్పు. తల్లిని మాత్రం తరమను.

చరిత

విజయనగరం

చరితమ్మా,

నా కాలు కుదుటపడగానే వస్తాను. ఆ పిల్లలు ఎగిరేదాకా గోడౌన్లో లైటు వేస్తే ఊరుకోనని ఆమోసుతో చెప్పు. పైకప్పులో రేకు పగిలినచోట వెన్నెల లోపలికి పడుతుంది. ఉత్తరం అందిన రోజే ఆమోసుని పైకెక్కించి గోనెపట్టా కప్పించు.

మావయ్య