సబ్బుతో తోమిన కప్పలు

గౌరవనీయులైన మేడంగారికి,

మీ శిష్యుడు ఒళ్లు మండిపోతూ, అయినా వినయంగానే రాసుకుంటున్న ఉత్తరం.

కప్పచర్మం మీది జిగురు సూక్ష్మక్రిములను చంపుతుందని తేల్చేశామంటూ నిన్న మీరు మిఠాయిలు పంచారు. నేనూ రెండు తిన్నాను. గాజుపళ్లెంలో ఆ జిగురు చుక్క చుట్టూ క్రిములన్నీ చచ్చిన మాట నిజమే.

కానీ ఇవాళ అటెండరు బాబాయి అసలు సంగతి గర్వంగా చెప్పాడు. "మీరు జిగురు తీసిన రోజు తనిఖీకి పెద్దోళ్లొస్తున్నారు కదా! పొద్దున్నే కప్పలన్నిటినీ క్రిములు చంపే సబ్బుతో తోమేశానయ్యా. ఛీ, ఒళ్లంతా ఎంత జిగటో!"

మూడేళ్లుగా మనం వెంటపడుతున్నది ఆ జిగట కోసమేనండీ! ఆ క్రిములను చంపింది సబ్బు కావచ్చు.

మీతో చెబితే, "ఎవరికి తెలుస్తుందిలే బాబూ, వ్యాసం పంపేద్దాం" అన్నారు. కప్పలకు తెలుసు మేడం. పాపం, వాటిలో రెండు అప్పటినుంచి పురుగు ముట్టలేదు. రేపు మన మాట నమ్మి మందు తయారుచేస్తే, అది వేసుకున్న రోగికీ తెలుస్తుంది.

అందుకే వ్యాసం మీద నా పేరు కొట్టేయండి. డాక్టరేటు ఆలస్యమైతే కానివ్వండి. కప్పలు కోలుకున్నాక పరీక్ష మొదటినుంచీ చేస్తాను. ఫలితం సున్నా వస్తే, ఆ సున్నా కింద సంతకం నేనే పెడతాను.

ఇట్లు,
మీరు ఎంత కోప్పడినా రేపు తొమ్మిదింటికల్లా ల్యాబులో ఉండే
మీ శిష్యుడు